పైమలుపు గొంతు

ఎర్రమల కొండల్లో పదకొండేళ్ల పాటు నా మాట లేకుండా ఒక్క రాయి కూడా కిందికి దిగలేదు. ఈ సంగతి నేను పెళ్లి పందిళ్లలో, రైలు పెట్టెల్లో, మంగలి షాపులో చెబుతుంటాను. విన్నవాళ్లు నన్ను గని యజమాని అనుకుంటారు. అనుకోనిస్తాను. కాగితం మీద మాత్రం కాస్త తగ్గించక తప్పదు. పదకొండేళ్లు కాదు, ఏడు. నా మాట కూడా కాదు. నేను చార్జింగు పెట్టిచ్చిన వాకీటాకీల్లోంచి పోయిన వేరేవాళ్ల మాట.

అంతకు ముందు డోన్‌లో స్టేషనుకు దగ్గరగా నాకు రేడియో రిపేరు షాపు ఉండేది. జిల్లాలోకెల్లా పెద్దదని చెబుతాను. నిజానికి కస్టమరు లోపలికి రావాలంటే నేను బయటికొచ్చి నిలబడాలి. జనం చేతుల్లోకి సెల్‌ఫోన్లు రావడంతో రేడియో విప్పించుకునేవాళ్లు లేకుండా పోయారు. రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు షట్టరు దించేసి, బేతంచెర్ల వైపు కొండ మీదున్న ఒక నాపరాయి గనిలో పనికి చేరాను. ఆ కొండ మడతల్లో సెల్‌ఫోను పలికేది కాదు. అందుకే అక్కడ వాకీటాకీలు వాడేవాళ్లు. అందరూ వాటిని సెట్లు అనేవాళ్లు, నన్ను సెట్ల మేస్త్రీ అనేవాళ్లు. ఆరు సెట్లు, ఒక చార్జింగు బల్ల, ఒక రేకుల షెడ్డు. అదీ నా సామ్రాజ్యం.

గని నుంచి కిందికి మైలున్నర దారి. కొండను కోసి వేసింది, ఒక్క లారీ పట్టేంత వెడల్పు. ఎదురుగా ఇంకోటి వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ. కింద ఒక గేటు, పైన మలుపు దగ్గర ఒక రేకుల గూడు. ఈ రెండు చోట్లా ఇద్దరు మనుషులు కూర్చుని లారీలు వదులుతారు. సెట్లు రాకముందు ఈ పని ఒక కర్రతో జరిగేది. మూరెడు వేపకర్ర, చివర ఎర్రగుడ్డ. నాలుగైదు లారీలు వరసగా దిగితే ఆఖరి లారీ డ్రైవరు చేతికి కర్ర ఇచ్చేవాళ్లు. కర్ర కిందికి చేరిందంటే దారి ఖాళీ అని లెక్క, అప్పుడు కిందివి ఎక్కేవి. సెట్లొచ్చాక కర్రను షెడ్డు చూరులో దోపేశారు.

కింది గేటులో ఒక సాయబు ఉండేవాడు. ముప్పై ఏళ్లు లారీ తోలి మోకాళ్లు పోగొట్టుకున్నవాడు. పైమలుపులో ఒకతను ఉండేవాడు, ఒక ఎండాకాలం గుండె ఆగి పోయాడు. ఆ పని అతని భార్యకు ఇచ్చారు. నలభై దాటిన మనిషి. నన్ను అన్నా అనేది. ఆమె గొంతు ఎంత చిన్నదంటే పక్కన వాలిన కాకి కూడా లేచేది కాదు. ఇందులో మాత్రం నేను కలిపింది లేదు, ఆ కాకిని నా కళ్లతో చూశాను.

గొంతు చిన్నదైనా ఆమె పని తప్పలేదు. "రెండు లారీలు దిగుతాండాయి. ఎనక ఏమీ ల్యా. నిదానంగా రాండప్పా." ప్రతిసారీ ఆ ఆఖరి మాట చేర్చేది. అది ఆమె మొగుడికున్న అలవాటు. డ్రైవర్లు దాన్ని వినకుండా గేరు వేసేవాళ్లు కాదు.

ఆమె సెట్టు కూడా అతనిదే. దానికి అతని పాత కాకీ చొక్కా జేబు గుడ్డతో ఒక తొడుగు కుట్టింది. మాట్లాడే బటను మీది రబ్బరు అతని బొటనవేలి ఒత్తిడికి గుంటపడి ఉండేది. ఆమె బొటనవేలు ఆ గుంటలో సగమే నిండేది. సెట్టును ఎప్పుడూ బొడ్లో దోపుకొనేది, ఎవరికీ ఇచ్చేది కాదు. నేను చార్జింగు చేసిన బ్యాటరీ పొద్దున్నే మొదటి లారీలో పైకి పంపితే, అయిపోయిన బ్యాటరీ సాయంత్రం ఆఖరి లారీలో కిందికొచ్చేది. బ్యాటరీలే తిరిగేవి. సెట్టు కదిలేది కాదు.

ఆమె వచ్చిన రెండేళ్లకు కొత్త సెట్లు వచ్చాయి, ఐదు. చిన్న తెర, తెరలో వెలిగే అంకెలు, మెనూ. ఆరోది కూడా తెప్పిస్తానని మేనేజరు అన్నాడు కానీ ఆమె తలూపలేదు. "ఇది బాగనే పలుకుతాంది గదన్నా, ఇదే ఉండనీ" అని నాతో చెప్పించింది. పాతవి ఐదూ మూలకు పోయాయి, ఆమెది మాత్రం ఉండిపోయింది.

మేనేజరు మైదుకూరు వైపు అంగడి కుటుంబం నుంచి వచ్చిన కుర్ర మనిషి. ప్రతి వస్తువునూ రెండుసార్లు తిప్పి చూసే రకం. ఆయన నా షెడ్డులోకి వచ్చి, "ఎట్లుండాయి పెద్దాయనా కొత్తవి?" అన్నాడు. ఆ సమయానికి నా ఒళ్లో వాటి పుస్తకం ఉంది. ఇంగ్లీషులో వేలు పెట్టి చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగాను. ఈ పద్ధతి ఆన్ చేస్తే రొద తగ్గి మాట తేటగా వినిపిస్తుంది అని ఉంది. దాని పేరు కంపాండర్. ఐదు సెట్లలోనూ ఆన్ చేసి, ఆయన ముందు రెంటితో మాట్లాడి చూపించాను. సుయ్యిమనే రొద మాయమైంది.

"ఏం చేస్తివి?" అని ఆశ్చర్యపోయాడు.

"మన చేతివాటం సార్" అన్నాను. ఒక బటను రెండుసార్లు నొక్కిన చేతివాటం.

ఆ వాక్యం కిందనే ఇంకో వాక్యం ఉంది. పొగడ్త ఉన్న చోటు దాకా చదివి పుస్తకం మూసేశాను కాబట్టి అది నా కంట పడలేదు.

ఆ వారం నుంచే పైమలుపు గొంతు పోయింది. సాయబు చెవికి సెట్టు ఆనించుకుని కూర్చుంటే ముందు టక్కుమని ఒక చప్పుడు, మధ్యలో ఒకటి రెండు ముక్కలు, తర్వాత ఏమీ ఉండేది కాదు. "యా అల్లా, ఆమె గాలి పీలుస్తాందో, మాట్లాడతాందో తెలీకుండా ఉండాది" అనేవాడు. ఒకరోజు ఆమె మాట అందక ఆయన ఒక లారీని పైకి వదిలేశాడు. పైనుంచి రాయి లోడుతో ఇంకోటి దిగుతోంది. మలుపులో రెండూ ముక్కుముక్కు ఆనించినంత దగ్గరగా ఆగాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఖాళీ లారీ అంత దూరమూ వెనక్కి పోయింది, దాని డ్రైవరు దారి పొడుగునా మా అందరి వంశాలనూ తలుచుకున్నాడు.

మేనేజరు నన్ను పిలిచి సెట్లు చూడమన్నాడు. నేను కొత్తదాన్ని సాయబు చేతిలో పెట్టి, షెడ్డులోకి పోయి మూలనున్న పాత సెట్టొకటి పట్టుకుని, "హలో! హలో!" అని అరిచాను. గేటంతా మోగింది. "సెట్లలో లోపం లేదు సార్. ఆమె గొంతులోనే ఉండాది" అని తేల్చాను. అంత సులభంగా తేల్చాను. నా గొంతుకు చెరువు అవతలి గట్టున గొర్రెలు తలెత్తుతాయి. ఆ గొంతుతో పరీక్ష పెడితే ఏ సెట్టయినా పాసవుతుంది.

పైమలుపుకు వెళ్లి ఆమెకే చెప్పాను. "ఏమ్మా, కొంచెం గట్టిగా మాట్లాడితే నోరు అరిగిపోతాదా?"

"గట్టిగానే మాట్లాడతాండానన్నా. ఇంకా గట్టిగ అంటే అరుపయితాది."

"అరుపే పెట్టు మరి."

"అరిస్తే మాట పోయి అరుపే మిగులుతాదన్నా." సెట్టు తొడుగు సర్దుకుంటూ అంది. "ఇంగోటి చెప్తా, కోపం చేసుకోవాకు. ఈ కొత్తవి వచ్చినకాడ్నుంచి కింది మాటలన్నీ ఒకే ఎత్తులో వస్తాండాయి. సాయబన్న మెల్లగ అన్నా, నువ్వు అరిచినా ఒకే తీరు. మాట ఆగితే సాలు, ఆడుండే లారీ ఇంజను నా చెవులోనే ఉన్నట్ల మోగుతాంది. ఏంటికన్నా అట్ల?"

రేడియో మేస్త్రీ అన్నవాడికి ఆ మాటతోనే వెలగాలి. నాకు వెలగలేదు. "నీ సెట్టు ముసలిదమ్మా, దానికి చెముడొచ్చింది" అని నవ్వి దిగొచ్చాను.

ఆమె నవ్వలేదు. మరునాడు చూరులోంచి కర్ర తెప్పించుకుంది. సెట్టులో చెప్పాల్సింది చెబుతూనే, ఆఖరి లారీ డ్రైవరు చేతికి కర్ర కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. దారి మళ్లీ సరిగా నడిచింది, కాకపోతే నిదానంగా. ఎర్రగుడ్డ చూసి మేనేజరుకు మండింది.

"సెట్లు కొనిచ్చింది కర్రలు పంపనీకా? సోమవారం నుంచి పైమలుపుకు గొంతున్న మనిషిని పెడతా. ఆమెను రాళ్లు ఏరే కాడికి పంపండి. ఆ పాత సెట్టు మూలన పడేయండి."

ఇది గురువారం. రాళ్లు ఏరే చోట నీడ లేదు. కానీ ఆమె ఆ మాట విన్నప్పుడు ఎండ గురించి ఒక్క ముక్క అడగలేదట. "సెట్టు కూడా ఇచ్చెయ్యల్లనా?" అని మాత్రం అడిగిందని కబురు మోసిన డ్రైవరు చెప్పాడు.

శుక్రవారం పొద్దున నా షెడ్డులో పాత సెట్టొకటి బల్ల మీద విప్పి ఉంది. విడి భాగాల కోసం తీసిపెట్టింది. పలుకుతుందేమో చూద్దామని బ్యాటరీ తగిలించాను. పక్కనే కొత్త సెట్టు చార్జింగులో ఉంది. రెండూ ఒకే చానెల్లో ఉన్నాయి. సరిగ్గా అప్పుడు పైమలుపు నుంచి పిలుపొచ్చింది. కొత్తది టక్కుమని ఊరుకుంది. విప్పిపడేసిన పాతది, పైమూత కూడా లేనిది, తేటగా పలికింది.

"మూడు లారీలు దిగుతాండాయి. ఎనక ఏమీ ల్యా. కర్ర ఆఖరి దాంట్లో ఉండాది. నిదానంగా రాండప్పా."

ఆ ఆఖరి మాట నేను నెల రోజులుగా వినలేదు. ఎవరూ వినలేదు. వినేవాళ్లు లేకపోయినా ఆమె ప్రతి లారీకీ అది చెబుతూనే ఉంది.

పుస్తకం తెరిచాను. రెండో వాక్యం చదివాను. అవతలి సెట్టులో కూడా కంపాండర్ ఉండి, ఆన్ చేసి ఉంటేనే దీన్ని వాడాలి అని ఉంది.

అది ఎలా పనిచేస్తుందో ఇప్పుడు నేను ఇంజనీరులా వివరిస్తాను. ఆ రోజు నాకు అర్థం కావడానికి మధ్యాహ్నమయింది. సెట్ల మాటలకు సర్కారు ఒక్కొక్కరికి ఒక దారి ఇస్తుంది. మాకిచ్చింది సన్నటి దారి. సన్నటి దారిలో సుయ్యిమనే రొద ఎక్కువ, మెల్లటి శబ్దాలు అందులో మునిగిపోతాయి. అందుకని పంపే సెట్టు మెల్లటి వాటిని లేపి, గట్టి వాటిని అణచి, మాటను గట్టిగా మూట కడుతుంది. అందుకునే సెట్టు మూట విప్పి, మెల్లటిది మళ్లీ మెల్లగా, గట్టిది గట్టిగా పెడుతుంది. దారిలో అంటుకున్న రొద ఆ విప్పడంలో రాలిపోతుంది. రెండు సెట్లకూ ఆ విద్య ఉంటే బంగారం. ఆమె పాత సెట్టుకు మూట కట్టడం రాదు. మా కొత్తవి మాత్రం వచ్చిన ప్రతిదాన్నీ మూటే అనుకుని విప్పాయి. అప్పటికే మెల్లగా ఉన్న గొంతును ఇంకా మెల్లగా చేసి, లేకుండా చేశాయి. నా అరుపు మాత్రం ఇంకా పెద్దదయింది. ఇటు నుంచి మేం పంపిన మూటలను ఆమె సెట్టు విప్పలేక ఉన్నవి ఉన్నట్టు ఆమె చెవిలో పోసింది. అందుకే అన్నీ ఒకే ఎత్తు, మాట ఆగితే ఇంజను మోత. ఆమె నాకు రోగం మొత్తం చెప్పింది. నేను ఆమె సెట్టుకు చెముడన్నాను. చెముడు ఎవరికో అప్పుడు తెలిసింది.

భోజనాల వేళ బ్యాటరీ పిన్నులు తుడవాలని చెప్పి ఐదు కొత్త సెట్లూ తెప్పించుకున్నాను. ఒక్కొక్కదానిలో కంపాండర్ ఆఫ్ చేశాను. మొత్తం పని అంతా కలిపి ఒక బీడీ కాల్చేంత సేపు. మధ్యాహ్నం మొదటి లారీ దిగేటప్పుడు గేటు దగ్గర సాయబు చెవి నుంచి సెట్టు తీసి, దాన్ని చూసి, మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. కాస్త సుయ్యిమనే రొద ఉంది. ఆ రొదలో ఆమె ఉంది.

"మేస్త్రీ, ఏం మంత్రం వేస్తివప్పా?"

ఇక్కడ నేను నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. చుట్టూ నలుగురు డ్రైవర్లు నా నోటి వైపు చూస్తున్నారు. నలుగురు చూస్తుంటే నిజం చెప్పడం నాకు పుట్టుకతో రాలేదు.

"ఆమె సెట్టు మొత్తం విప్పినా. లోపల ఒక కండెన్సరు కాలిపోయి ఉండె. గుంతకల్లు నుంచి తెప్పించి, భూతద్దం పెట్టుకుని మూడు రోజులు కూర్చుని అతికించినా."

సాయంత్రం ఆఖరి లారీలో అయిపోయిన బ్యాటరీతో పాటు ఒక స్టీలు డబ్బా వచ్చింది. నిండా కజ్జికాయలు. డ్రైవరు, "నా సెట్టు విప్పినోళ్లకు ఇయ్యమని పైమలుపక్క చెప్పింది" అన్నాడు. కృతజ్ఞత అనుకున్నాను. ఆరు తిన్నాను. ఎనిమిది.

నా గొప్ప ఆఫీసుకు కూడా పాకింది. శనివారం పొద్దున్నే మేనేజరు పిలిచాడు. మెచ్చుకుంటాడనుకుని తల దువ్వుకుని వెళ్లాను.

"పెద్దాయనా, మూడు రోజులు అతికించినావంట. అతికించింది ఎన్నాళ్లుంటాది? రేపు మళ్లీ పోతే లారీ లోయలో పడుతుంది. రిపేరు సెట్టును నమ్ముకుని నేను లారీలు వదల్ను. చెప్పిందే ఖాయం. సోమవారం కొత్త మనిషి, కొత్త సెట్టు. ఆమెది తెచ్చి ఈడ పెట్టు."

నా కోతలు ఆమె గొంతును రెండోసారి కోశాయి. మొదటిసారి తెలియక చేశాను. ఈసారి నలుగురి ముందు మీసం దువ్వుకోవడానికి చేశాను.

"సార్, ఆ సెట్టు నేను విప్పలేదు" అన్నాను.

"మరి?"

"కండెన్సరు లేదు, గుంతకల్లు లేదు. ఆ సెట్టుకు ఏ జబ్బూ లేదు. ఆమె గొంతుకూ లేదు." జేబులోంచి పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి, నేను ఆగిపోయిన వాక్యం మీద ఒక వేలు, దాని కింది వాక్యం మీద ఇంకో వేలు పెట్టాను. "ఈడ దాకా చదివినా సార్. ఇది చదవలేదు. మీరు మెచ్చుకుంటిరి గదా ఆ పొద్దు, ఆ మెప్పు కోసం చేసిందే ఇదంతా."

ఆయన రెండు వాక్యాలూ చదివాడు, అలవాటు ప్రకారం రెండుసార్లు. తర్వాత తన సెట్టు తీసి మెనూ నొక్కి, కంపాండర్ ఆన్ చేసి, నన్ను మాట్లాడకుండా ఉండమని సైగ చేసి, పైమలుపు మాట కోసం కూర్చున్నాడు. పిలుపొచ్చింది. టక్. ఆఫ్ చేశాడు. మళ్లీ ఎదురుచూశాడు. "నిదానంగా రాండప్పా." ఆయన మొహం మెత్తబడింది. నన్ను తిట్టాడు, చాలాసేపు. అందులో ఒకటి గుర్తుంది. "ఆమెకు నోరు లేదనుకుంటిమి. నీకు ఉండేది తప్పయింది పెద్దాయనా."

తిట్టు అయ్యాక అడిగాడు. "మరి ఆ పొద్దు హలో హలో అని టెస్టు చేస్తివి గదా, అది పలికె గదా?"

"నా గొంతు సార్ అది."

అక్కడికక్కడే ఒక రూలు పెట్టాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే సెట్ల టెస్టు పైమలుపు గొంతుతోనే జరగాలి. ఆమె మాట ఐదు సెట్లలోనూ తేటగా వినిపించాకే మొదటి లారీ కదలాలి. నేను అరవకూడదు. కొత్త మనిషి ఊసు ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నమే ఖాళీ స్టీలు డబ్బా పట్టుకుని పైమలుపుకు నడిచాను. లారీ ఎక్కకుండా మైలున్నర నడిచాను, అది కూడా ఒక శిక్ష అనుకున్నాను. సగం దూరంలో ఒక లారీ ఆపి ఎక్కించుకున్న మాట ఇక్కడ ఒప్పుకుంటాను. గూటి ముందు దిగి, దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఒకేసారి చెప్పేశాను. తప్పు నాదని, నెల రోజులు ఆమె మీద వేశానని, విప్పానన్నది అబద్ధమని.

ఆమె డబ్బా మూత తీసి లోపల చూసి, "అన్నీ తింటివా?" అంది.

"తింటిని."

"విప్పలేదని నాకు తెలీదా అన్నా? సెట్టు నా బొడ్లోనే ఉండె. బ్యాటరీ తప్ప నీ కాడికి ఏమి వచ్చె?" తొడుగు మీద చెయ్యి వేసుకుంది. "నువ్వు గుంతకల్లు కథ చెప్తాంటే డ్రైవర్లు నాకు చెప్పి నవ్విరి. సర్లే, ఏదో ఒకటి చేసినాడు, మాట అందుతాండాది గదా, చెప్పుకోనీ అనుకుంటి."

"మరి కజ్జికాయలు ఏంటికి పంపితివి?"

"నేను నమ్మినానని నమ్ముతావేమో చూస్తామని."

ఆమె నవ్వడం అప్పుడు మొదటిసారి విన్నాను, అది కూడా చిన్న నవ్వే. తర్వాత, సెట్టు వైపు చూస్తూ, ఇంకా మెల్లగా అంది. "సెట్టు ఇచ్చెయ్యమన్న పొద్దు మాత్రం నిద్ర పట్టలేదన్నా."

కిందికి మాత్రం మైలున్నరా నడిచే దిగాను.

సోమవారం పొద్దున్నే కొత్త రూలు మొదలైంది. సాయబు గేటు దగ్గర, మేనేజరు ఆఫీసు మెట్ల మీద, నేను షెడ్డు ముందు, లోడింగు దగ్గర ఇద్దరు, అందరి చేతుల్లోనూ సెట్లు. గేటు బయట లారీలు ఇంజన్లు ఆపుకుని ఉన్నాయి. పైమలుపు నుంచి ఒకటి నుంచి పది దాకా అంకెలు చెప్పమన్నారు. ఆమె చెప్పింది. ఒక్కొక్క అంకె తేటగా వచ్చింది. పది దగ్గర ఆగకుండా, అందరి సెట్లలోనూ ఒకేసారి మోగేలా, ఆ చిన్న గొంతుతోనే అడిగింది.

"సెట్ల మేస్త్రీ అన్నకు వినపడతాందా? నా సెట్టును ఎన్ని ముక్కలుగా విప్పింటివి అన్నా?"

గేటు దగ్గర డ్రైవర్లు క్యాబిన్ల తలుపులు చరిచి మరీ నవ్వారు. మేనేజరు మెట్ల మీద మొహం తిప్పుకున్నాడు. నేను బటను నొక్కాను. నోరు తెరిస్తే మామూలుగా కొండ పలకాలి. ఎందుకో ఆ రోజు గొంతు పెద్దగా లేవలేదు.

"వినపడతాందమ్మా" అన్నాను. "అంతా వినపడతాంది."

తర్వాత కింది గేటు నుంచి సాయబు గొంతు.

"ఎవరప్పా అది మాట్లాడింది? మన మేస్త్రీ సెట్టు ఎవరో తీసుకున్నట్లుండాది, చూడండి."

మొదటి లారీ ఇంజను మోగింది. డ్రైవరు మాత్రం గేరు వేయలేదు, ఆమె ఆఖరి మాట కోసం ఆగాడు. అది రాగానే కదిలాడు.